నన్ను వెనక కూర్చోబెట్టిన ‘సా’

ఈసారి మన గోడపత్రికలో శనివారం సంగీతం క్లాసు గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే క్షమించగలరు.

క్లాసు మొదలైన కాడి నుంచి రాత్రి పడుకునేటప్పుడు అందరూ ఒకటే ప్రశ్నలు. ఎన్ని రోజులకు పాట వస్తది? చల్లనీళ్లు తాగొచ్చా? హార్మోనియం కొనాల్నా, ఇంటికాడ డబ్బులెక్కడివి? నా గొంతు పనికొస్తదా? సారును అడగాలంటే భయం. నాకు తెలిసినంత నేను చెప్తాను.

హార్మోనియం కొనక్కర్లేదు. శృతిపెట్టె సారు దగ్గర ఉంది, తాళానికి మన చెయ్యి ఉంది. ఆదితాళం అంటే ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండుసార్లు దెబ్బ, తిప్పు. మొత్తం 8. అన్నం లైన్లో నిలబడి కూడా వేసుకోవచ్చు. (నేను పళ్లెం మీద వేస్తే వార్డెన్ మేడం కోప్పడ్డారు, మీరు తొడ మీద వేసుకోండి.)

పాట తొందరగా రాదు. ముందు సరళీ స్వరాలు, తర్వాత జంట స్వరాలు, అలంకారాలు. అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే, మూడు కాలాల్లో పాడాలి. ఆ తర్వాతే గీతం. 16వ శతాబ్దంలో పురందరదాసు ఈ పాఠాలకు వరుస కట్టారని చెప్తారు. అంటే ఇన్ని వందల ఏళ్ల నుంచి అందరూ ఇట్లనే విసుక్కుంటూ నేర్చుకున్నారన్నమాట. ఆరో తరగతి చెల్లెళ్లు రెండో వారమే సినిమా పాట నేర్పమన్నారు. నవ్వకండి, నేనూ లోపల అదే అనుకున్న.

నీళ్ల సంగతి. మనం తాగే నీళ్లు, తేనె అన్నవాహికలోకి పోతాయి. మాట పుట్టేది స్వరపేటికలో, అది గాలిగొట్టం మీద ఉంటది. కాబట్టి తేనె తాగితే గొంతు తీయగా అయిపోదు. రోజంతా కొంచెం కొంచెం నీళ్లు తాగాలి. గ్రౌండులో అరిచిన రోజు గొంతుకు రెస్టు ఇవ్వాలి. నొప్పి వస్తే పాడటం ఆపేయాలి. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి శనివారం సారు మా అందరితో ఒక్కొక్కరిగా ‘సా’ పాడించారు. ఏడుగురిని వెనక కూర్చొని తాళం మాత్రం వేయమన్నారు. అందులో నేనొకదాన్ని. నా గొంతు గరగర అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా ఊర్లో విత్తనాల పండుగకు నాయనమ్మ వెనక రేల పాటలు పాడేది నేనే. అప్పుడు ఎవరూ గరగర అనలేదు.

తర్వాత బీఈడీ ట్రైనింగుకు వచ్చిన అక్క ఒకరోజు శృతిపెట్టె మీద బటన్ ఒకటి నుంచి ఐదుకు తిప్పి, ఇప్పుడు పాడు అన్నది. పాడిన. పై సా దాకా పోయింది! అక్క చెప్పింది ఏందంటే, మగవాళ్లు ఎక్కువగా ఒకటి శృతికి అటూ ఇటూ పాడుతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర. సారు శృతిలో కింద పాడితే నా గొంతు వినపడదు, పైన పాడితే పై సా అందదు, చీరుకుపోతది. మన భౌతికశాస్త్రం ధ్వని పాఠంలో పౌనఃపున్యం అని ఉన్నదే, అదే ఇది. పరీక్ష కోసం బట్టీ పట్టినం గానీ అది నా గొంతులో ఉన్నదని నాకు తెల్వదు.

సారు మంచివారు, బస్సు దిగి అంత దూరం నడిచి వస్తారు. కానీ ఒక్క ‘సా’ తో ఏడుగురిని తీసేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. కొంతమందికి శృతి వినడమే అలవాటు లేదు. విని విని కలుపుకోవాలి, దానికి వారాలు పడతది. నేర్చుకోవడానికి వచ్చినోళ్లను ముందే వచ్చి ఉండాలంటే ఎట్ల?

మన పాటల్లో ఎట్ల చేస్తరో చూడండి. ఒకరు ఎత్తుకుంటారు, భుజాలు పట్టుకున్న వరుస మొత్తం అందుకుంటది. గొంతు బాగాలేదని వరుసలో నుంచి ఎవరినీ తీయరు. మన జిల్లా సకిని రామచంద్రయ్య తాత డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథ, మన కోయ వంశాల కథలు కోయలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయారు. ఆయన సరళీ స్వరాలు నేర్చుకొని పాడలేదు. అట్లని సరళీ స్వరాలు వద్దని నేను అనటం లేదు, నాకు అవి ఇష్టం. రెండూ కావాలి. మన పాట పాడితే కొందరు అక్కలు ‘అది పాటనా’ అని నవ్వుతున్నారు, అది బాధ.

అందుకని వచ్చే శనివారం మేము ఏడుగురం ముందుకొచ్చి కూర్చుంటాం. సారు గారూ, ఒక అరగంట శృతిపెట్టె ఐదు మీద పెట్టండి. మళ్లీ సా పాడించండి. చివర పది నిమిషాలు ఒక రేల పాట మేము ఎత్తుకుంటాం, మీరు తాళం వేయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని