గాదె నిండితే చాలునా? తాళపుచెవి ఎక్కడ?

వరి పండే నెల్లూరు సీమలో పుట్టినవారికి గాదె విలువను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పంట పండించడం ఒక ఎత్తు, ఇంటికి చేరిన గింజను చెమ్మ నుండి, ఎలుకల నుండి కాపాడుకోవడం మరొక ఎత్తు. నేటి ఇళ్ళలో మరొక విధమైన గాదె వెలసింది. పొలం దస్తావేజుల నకళ్ళు, పెద్దల ఉత్తరాలు, పెళ్ళినాటి ఛాయాచిత్రాలు, పిల్లల చదువు పత్రాలు అన్నీ ఒకచోట చేర్చి, ఇంటిల్లిపాదీ వాడుకొనే నిల్వ సర్వరే ఆ గాదె. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి డిస్క్ యంత్రాన్ని వెలువరించినప్పుడు, యాభై పళ్ళేలు పేర్చినా అందులో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే డిస్క్‌లో ఒక గ్రంథాలయమే పడుతుంది. నిల్వ పెరిగినంతగా మన జాగ్రత్త పెరిగిందా అన్నదే ప్రశ్న.

ఇట్టి సర్వర్‌లో రెండు రకాల డ్రైవ్‌లుంటాయి. మన సంపద ఉండేవి పెద్ద డిస్క్‌లు. యంత్రాన్ని మేల్కొలిపి, ఏ డిస్క్ ఎక్కడున్నదో, ఎవరికి ఏ అరలో ప్రవేశమున్నదో గుర్తుంచుకొనేది చిన్న సిస్టమ్ డ్రైవ్. మొదటిది గాదె, రెండవది తాళపుచెవులు మొలలో దోపుకొన్న కావలివాడు. ఆ కావలివాడు మరణిస్తే అతని స్థానంలో ఎవరిని నియమించాలి?

ఈ విషయంలో మూడు అభిప్రాయాలు వినవస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది, వేగవంతమైనది కొనాలని ఒకరు. చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్ చాలునని మరొకరు. పాత కంప్యూటర్ నుండి ఊడదీసిన డిస్క్‌ను తగిలించమని వేరొకరు. ఈ మూడూ సరికావని నా అభిప్రాయం.

మొదటిది వృథా వ్యయం. ట్రూనాస్ వంటి వ్యవస్థకు కనీసం కావలసింది 16 జీబీ. అది తన సిస్టమ్ డ్రైవ్‌ను పూర్తిగా తనకే ఉంచుకొంటుంది. మిగిలిన చోటును మన దస్త్రాలకు ఇవ్వదు. రాతకు ఎంతకాలం ఓర్చుకొంటుందన్న సందేహమూ పెద్దది కాదు. 250 జీబీ ఎస్.ఎస్.డి.లు కొన్నింటికి 150 టీబీల వరకు రాతకు హామీ ఇస్తారు. రోజుకు 10 జీబీ రాసినా ఏడాదికయ్యేది 3.65 టీబీ, ఆ లెక్కన హామీ తీరడానికి 41 ఏళ్ళు పడుతుంది. వేగం యంత్రం మేల్కొనే కొద్ది నిమిషాలకే అక్కరకు వస్తుంది.

రెండవ అభిప్రాయానికి ఒక చరిత్ర ఉంది. ఈ వ్యవస్థకు ఫ్రీనాస్ అని పేరున్న తొలి రోజుల్లో అది మెమరీలోకి ఎక్కి నడిచేది, డ్రైవ్‌పై రాసేది స్వల్పం. కనుక పెన్‌డ్రైవ్ సరిపోయేది. తరువాతి కూర్పులు నిత్యం రాయసాగాయి, ఎస్.ఎస్.డి. వాడమన్న సలహా వచ్చింది. 2020లో పేరే ట్రూనాస్‌గా మారింది. కాలం మారినా పాత సలహా మాత్రం నోటనోట నిలిచి ఉంది. మూడవ అభిప్రాయం గురించి చెప్పవలసినది తక్కువ. వయసు తెలియని డిస్క్‌ను, దాని ఆరోగ్య నివేదికైనా చూడకుండా, కావలికి పెట్టరాదు.

మరి ఏది తగినది? చిన్నదైనా పేరున్న తయారీదారు చేసిన, హామీ గల కొత్త ఎస్.ఎస్.డి. కొనేముందు మదర్‌బోర్డును చూడాలి. ఎమ్.2 అనే గాడి ఒకటే అయినా అందులో సాటా రకం, ఎన్.వి.ఎమ్.ఇ. రకం వేర్వేరు, ఒకదాని బదులు మరొకటి తెస్తే పనిచేయకపోవచ్చు. వాకాడు వంటి తీర గ్రామాలలో మరొక విచారణ కూడా అవసరం. ఇక్కడి ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేస్తుంది. తుఫాను రోజులలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. 2023 డిసెంబరు నాటి మిచౌంగ్‌ను మనం మరువలేదు. హఠాత్తుగా కరెంటు పోయినా చేతిలోని రాతను ముగించగల కెపాసిటర్లున్న డ్రైవ్ దొరికితే మేలు. దొరకనినాడు, పెద్ద డ్రైవ్‌కు పెట్టదలచిన సొమ్ముతో, సర్వర్‌ను తనంతట తానే ఆపగల యు.పి.ఎస్. కొనడం వివేకం.

ఇంతవరకు చెప్పింది వస్తువు గురించి. అసలు ప్రమాదం వేరొకచోట ఉంది. అది నేను నష్టపోయి నేర్చుకొన్నది.

మా ఇంటి సర్వర్‌కు పెన్‌డ్రైవ్‌ను కావలి పెట్టినవాడను నేనే. ఒక వానకాలం రాత్రి కరెంటు పోయి వచ్చింది, యంత్రం మేల్కొనలేదు. కొత్త డ్రైవ్ కొని వ్యవస్థను ఎక్కించగా పెద్ద డిస్క్‌లు చెక్కుచెదరకుండా కనిపించాయి. ఒక్క అర మాత్రం తెరుచుకోలేదు. దానికి గూఢలిపి తాళం వేసింది నేను. ఆ తాళపు సంకేతం పోయిన పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయింది. ఆ అరలో మా నాన్నగారు స్వహస్తంతో రాసుకొన్న ఉర్దూ గజళ్ళ ప్రతిబింబాలున్నాయి. కాగితపు ప్రతిని అంతకుముందే చెదలు తినివేశాయి. గజళ్ళు నేటికీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి, చదవగలిగినవారు లేరు. గాదె ఉంది, గింజ ఉంది, తాళపుచెవి లేదు.

కనుక ఏ డ్రైవ్ కొనాలన్న ప్రశ్నకు ముందు, పాత డ్రైవ్‌లోని అమరికల నకలు, తాళపు సంకేతాలు బయట ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్న వేసుకోవాలి. అవి పదిలంగా ఉంటే ఏ చిన్న డ్రైవ్ అయినా ఒక పూటలో పని అందుకొంటుంది. లేకుంటే ఎంత ఖరీదైనదీ అక్కరకు రాదు. ఇంటికి ఒక డ్రైవ్, ఒక నకలు చాలు. పదిమంది ఆధారపడే కళాశాలకైతే జంట డ్రైవ్‌లు అవసరం. అయితే జంట ఉన్నదని నకలు మానరాదు. పిడుగు పడినా, చేయి తప్పినా రెండూ ఒకేసారి పోగలవు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయినా, అందులోని ఎన్నో తెలుగు, ఉర్దూ పుస్తకాలను మనమింకా చదువుకోగలుగుతున్నామంటే, వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండడమే కారణం. ఈ పాఠం మనకూ వర్తిస్తుంది.

కార్యవర్గ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈ సంచికలను, రెండు భాషలలోని మన రాతలను భద్రపరచదలచినప్పుడు కొటేషన్లలో జీబీల సంఖ్యనే చూడకండి. తాళపు సంకేతాలను కాగితంపై ముద్రించి, ఒక ప్రతి బీరువాలో, మరొకటి వేరొక భవనంలో ఉంచండి. ఏడాదికొకసారి కొత్త డ్రైవ్ తగిలించి తలుపు తెరుచుకొంటున్నదో లేదో పరీక్షించండి. విద్యార్థి మిత్రులారా, ఆ పరీక్షను మీరే చేయండి. మీ ఇళ్ళలో సర్వర్ ఉంటే నేటి సాయంత్రమే మొదలుపెట్టండి.