చేప పడకపోయినా సరే

సెలవుల్లో మీ చేతికొచ్చే సంచిక కదా అని, లాభం చూసుకోకుండా ఇష్టంతో చేసే పనులకే ఈసారి పేజీలు కేటాయించాం. ముఖచిత్ర కథనం ఫ్లై ఫిషింగ్ గురించి అనగానే మాలోనే ఒకరు, "పట్టిన చేపను మళ్లీ ఏట్లో వదిలేస్తారా? మరి పులుసో?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే.

ఈ గాలానికి వానపాము గుచ్చరు. కోడి మెడ ఈక, నెమలి ఈక పోగులు, చిటికెడు బొచ్చు దారంతో కొక్కేనికి చుట్టి పురుగులా కడతారు. దానికి బరువుండదు, విసిరితే దాన్ని మోసుకెళ్లేది దారం బరువే. చేతికి ఆ లయ పట్టుబడాలి. ఏ పురుగు కట్టాలో తెలియాలంటే ముందు ఏట్లో రాయి తిరగేసి చూడాలి. కింద మేఫ్లై పిల్లపురుగులు పాకుతుంటాయి. నెలల తరబడి నీళ్లలో పెరిగి, తీరా రెక్కలొచ్చాక ఒకట్రెండు రోజులకు మించి బతకవు. తిందామన్నా నోరు పనిచెయ్యదు! ఇవన్నీ గమనించడం అలవాటైనవాడికి ట్రౌట్ పడటం కొసరే.

1653లో ఆంగ్ల రచయిత ఐజాక్ వాల్టన్ వేసిన గాలం పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నది చేపల కిటుకుల కోసం మాత్రమే కాదు, ఏటిగట్టు కబుర్ల కోసం కూడా. మన దగ్గర హిమాచల్‌లోని తీర్థన్ లోయకు ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లదీ ఇదే ధోరణి. మిగతా వ్యాసాల్లోనూ ఇలాంటి తీరిక మనుషులే కనిపిస్తారు.

వదిలేయడానికే పట్టడం చేపను హింసించడం కాదా? దీనిపై మాలో ఏకాభిప్రాయం కుదరలేదు. మీరేమంటారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.