నలుబదెనిమిది గంటలు సున్న కారాదు

ఎనిమిది గంటల పనిదినము కార్మికునకు దానముగా లభించినది కాదు. 1974 మే 8న ఆరంభమై ఇరువది దినములు సాగిన రైల్వే సమ్మె కోర్కెలలో అదియు ఒకటి. అట్లు పోరాడి సాధించుకొన్న గంటలను నేడు పెక్కు కార్యాలయములలో స్ప్రెడ్‌షీట్ లెక్కించుచున్నది. యంత్రము తప్పదను నమ్మకముతో దాని మొత్తమును ప్రశ్నించువారు అరుదు.

స్ప్రెడ్‌షీట్ కాలమును దినములో భాగముగా గుర్తించును. పండ్రెండు గంటలనగా దానికి అర దినము. బొగ్గు బండ్లు రేయింబవళ్లు నడచు బిలాస్‌పూర్‌లో, నెహ్రూ నగర్ తెలుగు కుటుంబములకు రాత్రి డ్యూటీ కొత్త కాదు. రాత్రి 22 గంటలకు ఎక్కి ఉదయము 6కు దిగిన ఉద్యోగి లెక్కలో ఆరు నుండి ఇరువదిరెండు తీసివేసినచో ఋణ పదునారు వచ్చును. దిగిన వేళ తక్కువైనపుడు ఒక దినము కలుపుమని ఫార్ములాలో వ్రాసిననే ఎనిమిది గంటలు దక్కును.

వారపు మొత్తమునకు గడియారపు రూపమిచ్చినచో ఇరువదినాలుగు నిండినప్పుడెల్ల అంకె సున్నకు మరలును. 54 గంటలు 6గాను, 48 గంటలు సున్నగాను కనబడును! గంటల అక్షరమును చదరపు బ్రాకెట్లలో ఉంచినచో ఈ దోషము తొలగును. ఎనిమిదిన్నర గంటలను 8.5కు బదులు 8.30 అని వ్రాసి కూడినచో దినమునకు 12 నిమిషములు, 25 దినములకు 5 గంటలు మాయమగును.

ఇవి చిన్న పొరపాట్లు కావు. 1989 రైల్వే చట్టము ప్రకారము కంటిన్యూయస్ తరగతి ఉద్యోగికి పరిమితి రెండు వారముల సగటున వారమునకు 54 గంటలు. ఆపైన పనికి సాధారణ రేటుకు రెండు రెట్లకు తగ్గని ఓవర్‌టైము చెల్లింపవలెను. పదునాలుగు దినముల మొత్తము 108 దాటినదా లేదా అన్నదే ప్రశ్న. ఒక రాత్రి జారినచో హక్కే జారును. తపాలా శాఖలోను, 2018 జూలైలో అమలునకు వచ్చిన విధానము గ్రామీణ డాక్ సేవకుల భత్యమును నాలుగు గంటలు, ఐదు గంటలు అను రెండు స్థాయిలలో నిర్ణయించినది. అచట ఒక్క గంట తేడాయే కుటుంబపు రాబడి తేడా.

మేము కంప్యూటరును వ్యతిరేకించుట లేదు. చీకటి లెక్కను వ్యతిరేకించుచున్నాము. యాజమాన్యము మొత్తముతోపాటు ఫార్ములాను కూడ చూపవలెను. శాఖా సంఘములు ప్రతి నెల పట్టికలను తనిఖీ చేయవలెను. ప్రతి ఉద్యోగియు ఎక్కిన వేళను, దిగిన వేళను స్వంత డైరీలో వ్రాసికొనవలెను. ఆ డైరీయే రేపటి వివాదములో మన సాక్ష్యము.