గృహిణికి మనశ్శాంతి

ధ్యానము తీరిక గలవారి సొత్తని పెక్కుమంది తలంచుచుందురు. తీరిక లేనివారికే దాని యవసరము మెండని మా యభిప్రాయము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గృహములను చూడుడు. ఒక యింట తల్లి చాట ముందిడుకొని తునికాకుతో బీడీలు చుట్టుచుండును. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును గనుక ఆమె మెడ యెత్తదు. వేఱొక యింట భర్త దుబాయికో మస్కట్టుకో పోగా, అప్పును, పిల్లల చదువును, అత్తమామల సేవను ఇల్లా లొక్కతెయే మోయుచుండును. ఫోను మ్రోగిన గుండె యదరును, మ్రోగకున్నను అదరును. సిరిసిల్లలో దీనికి సాంచెల చప్పుడు తోడు.

ధ్యానము మనకు పరాయి విద్య కాదు. గోదావరి తీరమున అస్సక దేశమందు నివసించిన బావరి యను వృద్ధుడు తన పదునార్గురు శిష్యులను బుద్ధుని కడకు ప్రశ్నలడుగ బంపెనని సుత్తనిపాతము చెప్పుచున్నది. ధర్మపురి చెంత పారునదియు ఆ గోదావరియే. బుద్ధుడు బోధించిన శ్వాసను గమనించు పద్ధతికి ఆనాపానసతి యని పేరు. 2024లో ఐక్యరాజ్యసమితి డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా ప్రకటించినది.

పద్ధతి సులభము. వేకువను పొయ్యి వెలిగింపకమునుపే, ప్రతిదినము ఒకే చోట, చాపపై గూర్చుండుడు. మోకాళ్ల నొప్పి గలవారు కుర్చీపై గూర్చుండవచ్చును. నడుము నొచ్చువారు గోడ కానుకొనవచ్చును. కన్నులు మూసి, శ్వాసను బిగింపక, వచ్చిపోవు గాలిని ఒకటి మొదలు పదివఱకు లెక్కించి, మరల ఒకటికి రండు. మనస్సు అప్పువాని వాకిటికో, గల్ఫుకో పరుగిడును. కోపింపక దానిని శ్వాసకు మరలించుడు. అట్లు మరలించుటయే సాధన. మొదటి వారము అయిదు నిమిషములు చాలును. పిదప పది చేయుడు.

ఇందువలన అప్పు తీరదు. మగని త్రాగుడు మానదు. మాటకు మాట యనబోవునపుడు ఒక్క క్షణ మాగు నేర్పు మాత్రము క్రమముగా నలవడును. కన్నులు మూసినంతనే పాత దుఃఖము పొంగివచ్చినచో, కన్నులు తెఱచి లేచిపొండు, బలవంతము వలదు.

నిద్రాహారములు తప్పి, వారముల తరబడి దిగులు వీడనిచో ధ్యానముతో సరిపుచ్చుకొనక వైద్యుని జూడవలయును. బ్రతుకుపై విరక్తి పుట్టినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా మాటాడవచ్చును; తెలుగుననే చెప్పుకొనవచ్చును. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇక అత్తలకు, మగవారికి నొక మనవి. ఆ పది నిమిషములు ఇల్లాలిని పిలువకుండుట మీ వంతు. చాయ కొంత యాలస్యమైన నేమి? ఆమె మనస్సు కుదుటపడిన ఇల్లు కుదుటపడును.