నేను హంతకుడనైన రెండు నిమిషాలు

మొన్న ఒక పెళ్ళిలో, నాతోపాటు చాలాకాలం ఒకే పాఠశాలలో గణితం చెప్పిన మిత్రులొకరు భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నారు. పప్పు కలుపుకుంటూ, పదిమందికీ వినబడేటట్లు, "ఏమండీ పంతులుగారూ, మీ అన్నగారి మనుమరాలికి ఇంగ్లండులో సినిమా తీయడం ఒక పరీక్షట గదా! మన పిల్లలు ఇంటర్‌లో ఇంటెగ్రేషన్ చేస్తూ ఉంటే అక్కడివాళ్ళు కెమెరా పట్టుకుని చెట్ల వెంట తిరుగుతారన్నమాట. దానికి మార్కులు కూడానా?" అన్నారు. బంతి అంతా నవ్వింది. నా నోట్లో ముద్ద ఉండడంచేత అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఈ జవాబులో కొంత ఆయనకు, కొంత ఆ ఇంగ్లీషువారికి, ఎక్కువభాగం నాకే తగులుతుంది.

ముందుగా ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. తెలియకుండా నవ్వడంలో మనకు మనమే సాటి.

2015 నవంబరు మొదలు మూడు నెలలు మా అన్నగారి అబ్బాయి ఇంట్లో ఉన్నాను. లండనుకు ఉత్తరాన చిన్న పట్నం. అతని కూతురికి అప్పుడు పదహారేళ్ళు. నన్ను చిన్నతాతయ్యా అంటుంది. ఏ.ఎస్. స్థాయిలో మీడియా స్టడీస్ తీసుకున్నది. అప్పటి పాఠ్యప్రణాళిక ప్రకారం ఒక కొత్త కథాచిత్రానికి ప్రారంభాన్ని మాత్రమే, పేర్లతో సహా, రెండు నిమిషాలు మించకుండా తీయాలి. మిగిలిన సినిమా ఉండదు. నూరు మార్కులలో పరిశోధనకూ ప్రణాళికకూ 20, తీసినదానికి 60, తీసిన తరువాత తన పనిని తానే పరిశీలించుకుని ఏడు ప్రశ్నలకు చెప్పే సమాధానాలకు 20. ముగ్గురు పిల్లలు జట్టు కట్టి థ్రిల్లర్ ఎంచుకున్నారు.

అసలు పనికి ముందు ఒక చిన్న అభ్యాసం ఉంది. ఒక మనిషి తలుపు తెరిచి, గది దాటి, మరొకరికి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. ఇదేమి బ్రహ్మవిద్య అనుకున్నాను. పిల్లలు తీసుకువచ్చి చూపించారు. బయటినుండి కుడిచేత్తో పిడి తిప్పిన పిల్ల, లోపలినుండి చూసేసరికి ఎడమచేత్తో తలుపు తోసుకుని వచ్చింది. ఒకే ద్వారంలో ఇద్దరు దూరినట్లున్నది. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక ఊహారేఖ గీసుకుని కెమెరాను ఆ రేఖకు ఒకే వైపున ఉంచాలట. నూట ఎనభై డిగ్రీల నియమం అంటారు. రేఖ దాటితే ఎదురెదురుగా కూర్చున్నవారు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్లు కనబడతారు. వీళ్ళు దాటారు. నాకు వెంటనే అర్థమైంది, ఇది అన్వయదోషం. కర్త ఒక పాదంలో, క్రియ నాలుగో పాదంలో, మధ్య ఎవరిదో తెలియని విశేషణం. ముప్పై ఏళ్ళు పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవాడికి దృశ్యానికి కూడా అన్వయం ఉన్నదని తెలియడానికి ఒక తలుపు పిడి కావలసివచ్చింది.

ఇక ప్రారంభం సంగతి. కథ లేకుండా ప్రారంభమేమిటని నవ్వేవారు మన నాటకాల ప్రస్తావనలు చదివి నవ్వాలి. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో సూత్రధారుడు ఇంట్లో నటితో చంద్రగ్రహణం గురించి మాట్లాడుతూ ఉంటాడు. చంద్రుణ్ణి పట్టబోతున్నారన్న మాట తెరవెనుకనుండి చాణక్యుని చెవిన పడుతుంది. ఆయన దానిని చంద్రగుప్తుడని అర్థం చేసుకుని, నేను బ్రతికి ఉండగా ఎవడురా అని గర్జిస్తాడు. మనిషి ఇంకా రంగం మీదికి రానే లేదు. గ్రహణం మాట కాస్తా రాజద్రోహమైపోయింది. సాహిత్యదర్పణకారుడు ప్రస్తావనలను ఐదు రకాలుగా విభజించి ఇటువంటిదానికి ఉద్ఘాత్యకమని పేరు పెట్టాడు. హిచ్‌కాక్ బల్ల కింద బాంబు గురించి చెప్పిన మాట సినిమా చదువులో అందరికీ కంఠస్థమే. హఠాత్తుగా పేలితే ఉలికిపాటు ఒక్క క్షణం. బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే ఎంతసేపైనా ఉత్కంఠ. ఆర్సన్ వెల్స్ 1958లో "టచ్ ఆఫ్ ఈవిల్" చిత్రాన్ని అలాగే మొదలుపెట్టాడు. కారులో బాంబు పెట్టడం చూపించి, మూడు నిమిషాలకు పైగా కోత లేకుండా ఆ కారును వీధుల్లో తిప్పాడు. నేను ముద్రారాక్షసం చెప్పాను, పిల్ల ఆ కారు చూపించింది. ఆ సాయంత్రం ఎవరు ఎవరికి గురువో నాకు తెలియలేదు.

వాళ్ళ మొదటి కథలో నల్లటి ముసుగు చొక్కా, కత్తి, అడవిలో పరుగెత్తే పిల్ల ఉన్నాయి. తరగతిలో తక్కిన జట్లన్నీ కూడా అదే వ్రాసుకున్నాయని తెలిసి మానుకున్నారు. ఇంగ్లండులో ఎవరైనా చేతితొడుగు పారవేసుకుంటే, దొరికినవారు దానిని దగ్గరి కంచె ఊచకు తగిలించి పోతారు. మంచి ఆచారం. మా పిల్ల దానిని పట్టుకున్నది. బడినుండి వచ్చే అమ్మాయికి తన ఎడమచేతి తొడుగు ఒక కంచెకు కనబడుతుంది. తీసుకుంటుంది. తరువాతి మలుపులో ఇంకొకటి. అదీ ఎడమచేతిదే. మూడోదీ ఎడమచేతిదే. రక్తం లేదు, కత్తి లేదు. నాకు వెన్ను జలదరించింది.

నేను హంతకుడనైనది ఇక్కడే. అక్కడ నవంబరులో నాలుగు దాటితే చీకటి. వీధిలో వాళ్ళు తీస్తూ ఉంటే, పిల్ల ఇంకా రాలేదేమని నేను మంకీక్యాప్ పెట్టుకుని, శాలువ కప్పుకుని కిటికీలోనుండి చూస్తూ ఉన్నాను. కూర్పు చేసుకుంటున్నప్పుడు తెరమీద ఒక మూల, అమ్మాయి భుజం వెనుక, పసుపు దీపం ముందు నా ఆకారం కనబడింది. ముగ్గురూ ఒక్కసారిగా కేక వేశారు. మరునాడు నన్ను మళ్ళీ అక్కడే కూర్చోబెట్టి, నవ్వవద్దని చెప్పి తీశారు. మొత్తం చిత్రంలో బాగున్నది అదేనని అందరూ అన్నారు. అది ప్రణాళికలో లేదు. చలికి పుట్టింది.

తరగతిలో చూపించినప్పుడు దాదాపు అందరూ ఒకే మాట అన్నారట: ఆ కిటికీలో ముసలివాడే చంపుతాడు, ముఖం చూస్తేనే తెలుస్తున్నది. పిల్ల ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

ఏడు ప్రశ్నలలో రెండోది, మీ చిత్రం సమాజంలోని వర్గాలను ఎలా చూపించింది అని. పిల్ల ఇంగ్లీషులో వ్రాసి నాకు చదివి వినిపించింది. సారాంశం ఇది: "మా చిన్నతాతయ్య హంతకుడని మేము అనుకోలేదు. ఆయన నా కోసం ఎదురుచూస్తున్నారు. చూసినవాళ్ళు భయపడ్డారు. ఆయన టోపీకి, రంగుకు, ముసలితనానికి భయపడ్డారు. ఆ భయం మా సినిమాకు పనికివచ్చింది గనుక మేము ఉంచుకున్నాము. ఉంచుకోవడం తప్పో కాదో నాకింకా తెలియదు."

నేను పండితుడిగా ఎన్నో వేల జవాబుపత్రాలు దిద్దాను. అటువంటి జవాబు ఒక్కటి చూడలేదు.

వాళ్ళ ఉపాధ్యాయుడు చదివి, చాలా బాగున్నదమ్మా, కానీ మార్కుల పట్టికలో ఇది ఎక్కడ పడుతుందో నాకు తెలియదు అన్నాడట. పాత మూసలను ఏ విధంగా ఎదిరించారో వ్రాయమన్నాడు. పిల్ల మార్చింది. వయోవృద్ధులపై ఉన్న మూస అభిప్రాయాన్ని బుద్ధిపూర్వకంగా ప్రశ్నించామని వ్రాసింది. కిటికీ దృశ్యానికి హిచ్‌కాక్ "రియర్ విండో" (1954) ప్రేరణ అని కూడా వ్రాసింది. ఆ చిత్రాన్ని మేమిద్దరం సోఫాలో కూర్చుని చూసింది కూర్పు పూర్తయిన రెండు వారాలకు. మార్కులు బాగానే వచ్చాయి.

గణితం మాస్టారూ, మీరు నవ్వవలసిన చోటు ఉంటే ఇదీ. సినిమా తీయించినందుకు కాదు, తీసిన పిల్ల నిజం చెబితే దానికి గడి లేకపోయినందుకు.

ఆ ఉపాధ్యాయుణ్ణి నేను నిందించలేను, ఏ ముఖంతో నిందిస్తాను? నా ఉద్యోగకాలమంతా ఉపోద్ఘాతం, విషయవివరణ, ముగింపు అని నల్లబల్ల మీద వ్రాసి వ్యాసరచన నేర్పినవాడను. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు వర్షాకాలం మీద వ్యాసాన్ని "మా ఇంట్లో గిన్నెలు చాలవు" అని మొదలుపెట్టాడు. కప్పు కారే చోటల్లా గిన్నె పెడతారు, గిన్నెలు అయిపోయాక వాళ్ళ అమ్మ తన ఒడిలో చంటిపిల్లను ఎటు జరిపి పడుకోబెట్టిందో వ్రాశాడు. నేను ఎర్రసిరాతో "ఉపోద్ఘాతం లేదు" అని వ్రాసి పదికి మూడు వేశాను. ఋతువులు ఆరు అని మొదలుపెట్టి గైడులోని పేరాను దింపినవారికి ఏడు. తరువాతి వ్యాసం వాడు కూడా ఋతువులు ఆరు అనే పద్ధతిలోనే వ్రాశాడు. వాణ్ణి ఆ మొదటి వాక్యం ఎలా తట్టిందిరా అని నేను అడగలేదు. ఎవరినీ ఎన్నడూ అడగలేదు. మన కావ్యాల అవతారికల్లో కవి ఇష్టదేవతను తలుస్తాడు, సుకవులను పొగుడుతాడు, కుకవులను తిడతాడు, కృతిపతి వంశం చెబుతాడు, కలలో దేవుడు కనబడి వ్రాయమన్నాడంటాడు. ఏ పద్యం కొట్టివేశాడో చెప్పడు. బహుశా ఆ దురభ్యాసమే మాకూ వచ్చింది.

మరి ఇంగ్లీషువారు తరువాత ఏమి చేశారంటే, 2017 సెప్టెంబరునుండి ఏ-లెవెల్ మీడియా స్టడీస్‌ను మార్చారు. సగం ఉన్న ప్రయోగభాగం 30 శాతమైంది. తీసిన తరువాత వ్రాసే పరిశీలన పోయింది. దానికి బదులు తీయడానికి ముందు, ఏమి చేయదలచినదీ వ్రాసి ఇవ్వాలి. అంటే చలికి టోపీ పెట్టుకున్న ముసలివాడు కిటికీలోకి రావడానికి ముందే ఆ కిటికీని గురించి వ్రాయాలి. తరువాత కనుగొన్నది చెప్పుకోవడానికి చోటు లేదు. ఫిల్మ్ స్టడీస్ అనే వేరే విషయంలో మాత్రం అటువంటి పరిశీలన మిగిలింది.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనమని పేరుపెట్టి నిర్మాణాత్మక మదింపులో పిల్లల ప్రతిస్పందనలనూ ప్రాజెక్టు పనులనూ చేర్చారు. పదవ తరగతిలో అంతర్గత మార్కులు 20. కాగితం మీద ముచ్చటైన ఆలోచన. ప్రాజెక్టులు ఎవరు వ్రాశారో, మార్కులు ఎలా పడ్డాయో ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆ 20 మార్కులనూ తీసివేశారు. పిల్లలు అబద్ధం వ్రాస్తున్నారని, పెద్దలు దానికి మార్కులు వేస్తున్నారని, ప్రశ్ననే ఎత్తివేయడం రెండు దేశాల్లోనూ ఒక్కలాగే జరిగింది. బావిలో చెత్త వేస్తున్నారని బావిని పూడ్చినట్లు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. తెలుగు పరీక్షలో పది మార్కుల వ్యాసం ఉంటే, అందులో రెండు మార్కులు దాని కింద వ్రాసే నాలుగు వాక్యాలకు ఇవ్వండి: ఎక్కడ మొదలుపెట్టావు, ఏది కొట్టివేశావు, ఏది నీకు తెలియకుండా వచ్చింది, ఏది ఇంకా కుదరలేదు. "నాకు తెలియలేదు" అన్నవాడికి మార్కు తగ్గించకూడదని దిద్దేవారికి లిఖితపూర్వకంగా చెప్పండి. ఇది దిద్దడం కష్టమంటారు. కష్టమే. మరి జీతం తీసుకున్నది దేనికి?

మా పిల్ల కొట్టివేసిన ఆ సమాధానం కాగితాన్ని నేను అడిగి తీసుకున్నాను. నిఘంటువులో పెట్టుకున్నాను. మంకీక్యాప్ మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. తిరిగివచ్చే రోజు విమానాశ్రయంలో, హంతకుడి ఆధారాలు మేమే ఉంచుకోవాలి చిన్నతాతయ్యా అన్నది.