ఇంటర్న్‌షిప్ ఎవరి పిల్లలకు?

వేసవి సెలవులు వచ్చాయంటే కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో ఒకటే సలహా చెవుల్లో మోగుతుంది. దళిత, ఆదివాసీ పిల్లలకు టాలీ నేర్పాలట, స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పాలట. లా చదివే పిల్లలైతే ఏ సీనియర్ వకీలు దగ్గరో చేరి ఫైళ్లు మోయాలట. పేటెంట్ చట్టం, ఇన్నొవేషన్ పాలసీ, పరిశోధన వాళ్లకెందుకని పెద్దమనుషులు అడుగుతారు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే రెండో మాట తయారుగా ఉంటుంది: అవకాశాలు అందరికీ తెరిచే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోమనండి. ఈ రెండింటిలో మొదటిది అవమానం, రెండోది అబద్ధం.

అబద్ధం సంగతి ముందు తేల్చాలి. దేశానికి విధానాలు సూచించే నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్ నిబంధనలు ఒక్కసారి చదివితే చాలు. డిగ్రీ విద్యార్థికి పన్నెండో తరగతిలో 85 శాతం మార్కులుండాలి. స్టైపెండ్ ఉండదు. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఢిల్లీలో గది అద్దె, తిండి, రైలు చార్జీలు అన్నీ ఇంటి మీదే పడతాయి. సిర్పూర్ (యు) మండలంలోని కొలాం గూడెం నుంచి లా కాలేజీకి వచ్చిన అమ్మాయికి ఈ తలుపు తెరిచే ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్తారు?

ఈ సలహాదారులకు ఆ గూడెంలో వేసవి అంటే ఏమిటో కూడా తెలియదు. మార్చిలో ఇప్పపువ్వు ఏరాలి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల చేతులు కూడా ఆ లెక్కలో ఉంటాయి. ఏడాదిలో నాలుగు పైసలు కళ్లజూసే కాలం అదే. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే ఆ పిల్లకు రెండు నెలల ఖర్చొక్కటే కాదు, రెండు నెలల సంపాదన పోవడం కూడా. హైదరాబాద్‌లో తండ్రి జీతం మీద బతికే విద్యార్థికి అది అనుభవం, ఈమెకు అప్పు. ఈ తేడా కనబడని వాళ్లు సమాన అవకాశం గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారు.

పరిశోధన అవకాశాల దరఖాస్తులు కూడా అంతే. చాలాచోట్ల ఇంగ్లిష్‌లో రాసిన పరిశోధన వ్యాసం నమూనా జతచేయాలి, ఇద్దరు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కావాలి. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే కాలేజీలో సిఫారసు ఎవరు రాస్తారు? కరీంనగర్ నుంచి జూబ్లీ బస్‌స్టేషన్‌కు పోయే బస్సు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటే వెళ్తుంది. నల్సార్ లా యూనివర్సిటీ అక్కడే ఉంది. ఆ గేటు లోపలికి పోవాలంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. జనరల్ అభ్యర్థికి ఫీజు 4,000 రూపాయలైతే ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన రాయితీ 500. ఈ అన్యాయాన్ని గుర్తించి 2010లో ఐడీఐఏ సంస్థను మొదలుపెట్టి, పేద పిల్లలను లా యూనివర్సిటీలకు తయారుచేసిన షంనాద్ బషీర్ స్వయంగా పేటెంట్ చట్టాల పండితుడు. 2019లో ఆయన పోయారు. ఆయన చేసిన పనిని మన దగ్గర భుజాన వేసుకున్న యూనివర్సిటీ ఎక్కడుంది?

ఇక అవమానం. ఇన్నొవేషన్ చట్టాలతో ఉత్తర తెలంగాణకు పనేమిటని అడిగేవాళ్లు ఆదిలాబాద్ పత్తి చేలల్లోకి పోవాలి. బీటీ పత్తి విత్తనానికి 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర దాదాపు 1,850 రూపాయలు పలికిన రోజుల్లో, 2006లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఎక్కిన తర్వాతే అది 750కి దిగింది. మోన్‌శాంటో కంపెనీకి బీటీ పత్తి మీద ఉన్న పేటెంట్ చెల్లదని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి విచారణకు తిప్పిపంపింది. మంథని నుంచి శాసనసభకు వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే, 1994లో, ఇలాంటి పేటెంట్లకు దారితీసిన అంతర్జాతీయ ఒప్పందం మీద భారత్ సంతకం చేసింది. ధర నుంచి తీర్పు దాకా ప్రతి మలుపూ ఇక్కడి రైతు నెత్తిన పడింది. ఆ రైతు బిడ్డకు మాత్రం ఈ చట్టం సిలబస్‌కు అవతలి సంగతట!

జగిత్యాల పసుపు సంగతీ అంతే. గాయాలు మాన్పే పసుపు గుణం మీద 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఎలా? పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు చూపించి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం విదేశాల్లో జనం వాడుక లెక్కలోకి రాదు, అచ్చయి ఉంటేనే సాక్ష్యం. గోండు వైద్యుడి నోట్లో ఉన్న మూలికల జ్ఞానం చాలామటుకు అచ్చవలేదు. మన పేటెంట్ చట్టం 25వ సెక్షన్ మౌఖిక జ్ఞానాన్ని కూడా అభ్యంతరానికి ఆధారంగా ఒప్పుకుంటుంది. ఆ సెక్షన్ చేతబట్టుకుని, గోండి మాట్లాడుతూ, గూడెంలో కూర్చుని ఆ జ్ఞానాన్ని నమోదు చేయగలిగింది ఎవరు? టాలీ క్లాసుకు తోలేసిన పిల్లలే కదా!

జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజా కళాకారులు మట్టి బొమ్మ మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాలి, కాబట్టి రెండోది అచ్చం అలాగే ఉండదు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొట్టాం. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, పనితనాన్ని కాపాడదు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వొద్దని పేటెంట్ చట్టం 3(పి) సెక్షన్ అంటుంది. మరి ఓజా చేతిలోని విద్యకు చట్టంలో చోటెక్కడ? ఈ ప్రశ్న మీద ఓజాల పిల్ల ఒక వేసవి పనిచేస్తే దేశానికే పనికొచ్చే కాగితం తయారవుతుంది.

ఎవరు అడుగుతారన్నదాన్ని బట్టే ప్రశ్న మారుతుంది. అమెరికాలోని మిసిసిపీలో నెడ్ అనే బానిస పత్తి చేలో పనికొచ్చే పనిముట్టు కనిపెట్టాడు. యజమాని తన పేర పేటెంట్ అడిగాడు. బానిస కనిపెట్టినదానికి బానిసకూ, యజమానికీ పేటెంట్ రాదని 1858లో అమెరికా అటార్నీ జనరల్ తేల్చాడు. నల్లవాళ్ల మీద మూకహత్యలు, దాడులు పెరిగినకొద్దీ వాళ్ల పేటెంట్లు తగ్గాయని 2014లో లెక్కగట్టి చూపింది లీసా కుక్ అనే నల్లజాతి ఆర్థికవేత్త. స్పెల్‌మన్ అనే నల్లజాతి మహిళా కాలేజీలో చదివిన ఆమెకు తట్టిన ప్రశ్న అంతకుముందు ఎంతమంది పేటెంట్ పండితులకు తట్టింది?

మన దగ్గర కొమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల గురించి తెలుసుకోవడానికి ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మంచి పనే చేశారు. అయినా గోండులను ఎవరో వచ్చి చదవాలన్న అలవాటు అక్కడి నుంచి ఇంకా పోలేదు. లంబాడాల చరిత్రను, తర్వాత గోండుల చరిత్రను రాసిన భంగ్యా భుక్యా లాంటి చరిత్రకారులు వచ్చాకే కొత్త ప్రశ్నలు పుట్టాయి. లాయర్లలో అలాంటి వాళ్లు ఎప్పుడొస్తారు? ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ తగిలిన ఉట్నూరు యువకులు తీర్పును తామే చదివి, తామే జవాబు రాసే స్థాయికి చేరాల్సిన అవసరం లేదా?

మెరిట్ అనే వాదనకు 1951 నాటి 15(4) అధికరణమే జవాబు. అక్కడి సుప్రీంకోర్టు 2023 తీర్పు తర్వాత అమెరికాలోనే జాతి ఆధారిత అవకాశాలు ఎత్తేస్తున్నారు కదా అని కొత్తగా గొంతు పెంచుతున్నారు. మన రాజ్యాంగం వేరు, అమెరికా కోర్టు మన పిల్లల చదువులకు కొలబద్ద కాదు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు అంబేడ్కర్ ఉత్తరం రాసింది నల్లవాళ్ల పోరాటం నుంచి నేర్చుకోవడానికి. వాళ్ల ఓటమిని మన నెత్తిన పెట్టుకోవడానికి కాదు.

శాతవాహన, కాకతీయ, నల్సార్ యూనివర్సిటీలు కలిసి దళిత, ఆదివాసీ డిగ్రీ, లా విద్యార్థులకు వేసవిలో రెండు నెలల పరిశోధన అవకాశం పెట్టాలి. విజ్ఞానశాస్త్ర అకాడమీలు సైన్స్ పిల్లలకు ఏటా స్టైపెండ్‌తో ఇస్తున్నదే చట్టం చదివేవాళ్లకూ ఇవ్వాలి. నివేదిక తెలుగులో రాయనివ్వాలి, ఇంటర్వ్యూ గోండిలో చేయనివ్వాలి. మార్కుల కటాఫ్ వద్దు. నోటిఫికేషన్ ఫిబ్రవరిలోనే రావాలి, మొదటి నెల డబ్బు ముందే చేతికందాలి. తునికాకు కల్లాలు మొదలయ్యాక వచ్చే నోటిఫికేషన్ ఏదైనా హైదరాబాద్ పిల్లల కోసం వేసినట్టే లెక్క.