ఆగస్టు 9న అబ్బాయిలకి వాలీబాల్, మాకు ముగ్గులా?

పోస్టు పెద్దదే. సగం చదివి కామెంట్ పెట్టకండి, మొత్తం చదివాక తిట్టండి.

మొన్న గ్రూపులో ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ప్రోగ్రాం లిస్టు పెట్టారు. అబ్బాయిలకి వాలీబాల్, కబడ్డీ. ఫస్ట్ ప్రైజ్, సెకండ్ ప్రైజ్ డబ్బులతో సహా రాశారు. అమ్మాయిలకి ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్. ప్రైజ్ ఏంటో రాయలేదు. పోయినసారి స్టీలు గిన్నెలు ఇచ్చారు, ఈసారి కూడా గిన్నెలే అనుకుంటున్నాం. "అమ్మాయిలకి కూడా వాలీబాల్ పెట్టొచ్చు కదా" అని ఒక చెల్లి అడిగితే కింద వరసగా కామెంట్లు. సగం నవ్వే బొమ్మలు. మిగతా సగంలో ఉన్నవి నాలుగే మాటలు, తిప్పి తిప్పి. ఆ నాలుగింటికీ జవాబు చెప్తా.

మొదటి మాట: "మనలో ఆడా మగా తేడా లేదు, అది కింద ఊళ్ల వాళ్ల రోగం."

ఈ మాట నాకూ ఇష్టమే. మనలో కట్నం లేదు, ఓలి ఉంది. మొగుడితో పొసగక మారుమనువు చేసుకున్న ఆడదాన్ని మా ఊళ్లో వెలివేయరు. చేలో, అడవిలో అమ్మ నాన్నతో సమానంగా, నిజం చెప్పాలంటే ఎక్కువే పని చేస్తది. కానీ ఈ గొప్పలన్నీ ఎప్పుడు గుర్తొస్తున్నాయి? మేం ఏదన్నా అడిగినప్పుడే, మా నోరు మూయించడానికే. మేడారంలో సమ్మక్కకి బంగారం ఎత్తిస్తాం. కాకతీయ సైన్యంతో కొట్లాడిన తల్లి, పక్కన కూతురు సారలమ్మ. ఆ తల్లీకూతుళ్లకి మొక్కే చేతులతోనే, ఆడపిల్ల నెట్ ముందు నిలబడతానంటే నవ్వే బొమ్మ కొడతారా? తేడా లేదు అనేది సాయంత్రం ఐదింటికి గ్రౌండ్‌లో కనపడాలి. మీ హాస్టల్ గ్రౌండ్‌కి పోయి ఎంతమంది అమ్మాయిలున్నారో లెక్కపెట్టి రండి.

రెండో మాట: "అమ్మాయిలకే ఇంట్రెస్ట్ లేదు."

ఆశ్రమ పాఠశాలలో చదివిన వాళ్లంతా గుర్తు తెచ్చుకోండి. ఆరు, ఏడు తరగతుల్లో ఖోఖోలో మిమ్మల్ని తిప్పలు పెట్టిన అమ్మాయిలు తొమ్మిదికి వచ్చేసరికి ఏమయ్యారు? పెద్దమనిషి అయింది, ఇక గంతులొద్దన్నారు. సెలవులకి ఇంటికి పోతే నీళ్లు, కట్టెలు, చంటిపిల్లలు. హాస్టల్లో ఉంటే ఆరింటికి గేటు. అబ్బాయిల గేటు ఎన్నింటికి వేస్తారో మీకే తెలుసు. షార్ట్ వేసుకుంటే దొంగచాటుగా ఫొటో తీసేవాడు ఒకడు. ఇన్ని దాటుకుని రానందుకు ఇంట్రెస్ట్ లేదంటున్నారు.

జార్ఖండ్‌లో సిమ్డేగా అని ఒక జిల్లా ఉంది. అదీ మనలాంటి ఆదివాసీ జిల్లానే. అక్కడ ఊళ్లల్లో హాకీ టోర్నమెంట్లు పెట్టి గెలిచిన టీముకి మేకపోతుని ఇస్తారు. అమ్మాయిల టీములు కూడా ఆడతాయి. ఆ జిల్లా ఆదివాసీ పిల్ల సలీమా టేటే 2024లో ఇండియా మహిళా హాకీ టీముకి కెప్టెన్ అయింది. అక్కడి ఆడపిల్లలు స్టిక్కు పట్టుకుని పుట్టలేదు కదా. వాళ్ల ఊరు వాళ్లకి గ్రౌండ్ ఇచ్చింది, అంతే.

మన దగ్గర? నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. అదే జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఫుట్‌బాల్ ఆడుతోంది. "వాళ్లు లంబాడాలు, మనం కోయలం" అని ఇక్కడ మొదలుపెట్టకండి, ఆ గొడవ వేరే పోస్టులో పడదాం. ఎక్కడిచ్చారో అక్కడ పిల్లలు ఎదిగారు అనేదే నేను చెప్పేది.

ఇంకోటి, ఇది పొట్టకూటి సంగతి. మనలో చాలామంది కానిస్టేబుల్ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాం. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా ఉన్నాయి. పదమూడేళ్లప్పుడు గ్రౌండ్ నుంచి పంపించేసిన పిల్లని ఇరవై ఏళ్లకి తెచ్చి ఉరకమంటే ఎట్లా ఉరుకుతది? మీరు ఆటగా చూసేది మాకు ఈవెంట్స్ ప్రాక్టీసు.

మూడో మాట: "అమ్మాయిల ఆట ఎవరు చూస్తారు?"

2025 నవంబర్ 2 రాత్రి మీరే చూశారు. నవీ ముంబైలో మన అమ్మాయిలు సౌతాఫ్రికాని ఓడించి వరల్డ్ కప్ ఎత్తితే గ్రూపు నిండా జెండాలు. కడప జిల్లా శ్రీచరణి ఫొటో స్టేటస్ పెట్టని తమ్ముడు లేడు. టీవీలో గెలిచిన పిల్ల మన అమ్మాయి, మన ఊళ్లో బంతి అడిగిన పిల్లకి ఓవర్ యాక్షన్. ఇదేం లెక్క? 2022 అక్టోబర్‌లోనే బీసీసీఐ ఆడవాళ్లకీ మగవాళ్లకీ మ్యాచ్ ఫీజు ఒకటే అని చెప్పింది. అంత పెద్ద బోర్డుకి అర్థమైంది మన కమిటీకి కాదా?

సినిమాలు కూడా మన బుర్రలు పాడు చేశాయి. ఆర్ఆర్ఆర్‌లో గోండు పిల్ల మల్లిని దొరలు ఎత్తుకుపోతారు, భీమ్ అన్న పోయి తెస్తాడు. నేనూ విజిలేశాను. కానీ తెర మీద మన పిల్ల ఎప్పుడూ ఎవరో కాపాడాల్సిన పిల్లేనా? కొట్లాడి గెలిచిన మణిపూర్ కోమ్ తెగ మేరీ కోమ్ మీద 2014లో సినిమా తీస్తే ఆ వేషం ప్రియాంకా చోప్రాకి ఇచ్చారు. గెలిచిన కథలో కూడా మన మొహం పనికిరాలేదు.

నాలుగో మాట, అసలు మాట: "ఆటలాడే పిల్లని ఎవరు చేసుకుంటారు?"

ఇది రాసిన అన్న రోజూ ప్రేమ కొటేషన్లు పెడతాడు. ప్రేమించినప్పుడు ధైర్యంగల పిల్ల కావాలి, పెళ్లికి తల దించుకునే పిల్ల కావాలి. నో చెప్తే యాటిట్యూడ్, ఎస్ చెప్తే క్యారెక్టర్ లేదు. మేరీ కోమ్ 2005లో పెళ్లి చేసుకుంది. 2007లో కవల పిల్లలు పుట్టారు. 2008లో మళ్లీ ప్రపంచ చాంపియన్ అయింది. 2012లో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. భర్త అన్నేళ్లు పిల్లల్ని చూసుకున్నాడు. అట్లాంటి మగాడు అవ్వడం కష్టం అనిపిస్తే అది చెప్పండి. మా మోకాళ్ల మీద, మా షార్ట్స్ మీద నెట్టకండి.

సంస్కృతి పాడవుద్ది అన్న పెద్దలకి ఒక్క మాట. ముగ్గుల పోటీ మన పండగల్లో ఎప్పటి నుంచి ఉంది? రేలా ఆటలో ఆడవాళ్లు చేయి చేయి పట్టుకుని రాత్రంతా కాళ్లు అరిగేలా ఆడతారు. ఒళ్లు దాచుకుని మూల కూర్చోమని మన అవ్వలు మాకు నేర్పలేదు.

ఇక అడిగేది. ఒకటి, ఆగస్టు 9న అమ్మాయిలకి వాలీబాల్, కబడ్డీ పెట్టాలి. అదే గ్రౌండ్, అదే ప్రైజ్ మనీ. చందా మా దగ్గరా అంతే తీసుకుంటున్నారు, వంట కూడా మాతోనే చేయిస్తున్నారు. రెండు, గ్రౌండ్ వారంలో మూడు సాయంత్రాలు మాకు వదలాలి. మూడు, ఫొటోలు తీసి కామెంట్లు పెట్టేవాణ్ణి అడ్మిన్లు గ్రూపు నుంచి తీసేయాలి.

మా హాస్టల్ నుంచి వాలీబాల్‌కి ఆరుగురం పేర్లు రాసుకున్నాం. మిగతా హాస్టళ్ల అక్కచెల్లెళ్లు టీము పేరు కింద కామెంట్‌లో పెట్టండి. నాలుగు టీములైతే ఆదివారం కమిటీ మీటింగ్‌కి లిస్టు పట్టుకుని అందరం కలిసే పోదాం. లిస్టు మారకపోతే ఈసారి వంట దగ్గరికి మేం రాం.